కరోనా నాటి లైవ్‌లు ఇంకా కొనసాగించాలా? హైదరాబాద్ సభల వాళ్లు, కళాకారులు, శ్రోతలు చెప్పండి

మైక్‌టెస్టింగ్

అందరికీ నమస్కారం. మాది చిక్కడపల్లి వైపు ఒక చిన్న సంగీత సభ. పేరు ఎందుకులెండి. కమిటీలో నా హోదా గొప్పదే కానీ, చేసేది మాత్రం కుర్చీలు వేయించడం, మైకు అతనికి ఫోన్లు చేయడం, ముఖ్య అతిథి ఇంకా ట్రాఫిక్‌లోనే ఉన్నారని కళాకారులకు నచ్చజెప్పడం.

2020లో గత్యంతరం లేక మొదలుపెట్టిన యూట్యూబ్ లైవ్ ఇప్పటికీ నడుస్తోంది. దాన్ని ఆపేయాలని వచ్చే ఆదివారం మీటింగ్‌లో ఒక ప్రతిపాదన రాబోతోంది. హాల్లో జనం పలచబడ్డారు, ఇంట్లో సోఫాలో కూర్చుని చూడటానికి మనమే అలవాటు చేశాం అని ఒక వర్గం అంటోంది. లైవ్ పోతే విదేశాల నుంచి వచ్చే విరాళాలు పోతాయని కోశాధికారి భయం.

మీరున్న సంస్థలు ఆ రెండేళ్లు ఎలా నెట్టుకొచ్చాయి? అప్పుడు పట్టుకున్నవాటిలో ఏది ఉంచుకున్నారు, ఏది వదిలేశారు? ఊరికే అభిప్రాయాలు కాకుండా జరిగింది రాస్తే మీటింగ్‌లో చెప్పుకోవడానికి నాకు పనికొస్తుంది.

చివరివరుస

నేను పాడేవాణ్ని కాదు, వినేవాణ్ని. నలభై ఏళ్లుగా త్యాగరాయ గానసభలో, రవీంద్రభారతిలో, కింగ్‌కోఠి భారతీయ విద్యాభవన్‌లో చివరి వరుస నాది. కచేరీ బాగాలేకపోతే లేచి వెళ్లడానికి వీలుగా ఉంటుంది.

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ. 25న ఉగాది, దేశమంతా లాక్‌డౌన్ మొదలైందీ ఆ రోజే. ఏప్రిల్ 2న శ్రీరామనవమి. భద్రాచలంలో భక్తులు లేకుండానే కల్యాణం చేశారు, టీవీలో చూశాం. ఆ పది రోజులూ మన ఊళ్లో రామాలయాల పందిళ్లలో ఎన్ని కచేరీలు ఉంటాయో మీకు తెలుసు. అన్నీ పోయాయి. సభలు ఏం చేయాలో తేల్చుకోకముందే గాయకులు వాళ్ల పూజగదుల్లోంచి ఫోన్ ముందు పాడటం మొదలుపెట్టారు. వెనక కుక్కర్ విజిల్, పక్కింటి కుక్క. అయినా విన్నాం. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఆరున్నరకు ఏదో ఒక గొంతు వినపడటమే పెద్ద ధైర్యం.

ఆ తర్వాత తిరుమల నాదనీరాజనం వేదిక మీంచి సుందరకాండ పారాయణం రోజూ టీవీలో వచ్చేది. మా అపార్ట్‌మెంట్‌లో ఏ అంతస్తులో నడిచినా అదే వినిపించేది.

ఇక మీ ప్రశ్న. నాకు మోకాలి ఆపరేషన్ అయింది. మన హాళ్లలో మెట్లు ఎన్ని ఉంటాయో, రెయిలింగ్ ఎక్కడ ఉండదో మీ కమిటీవాళ్లకు తెలియదు. లైవ్ ఆపితే నాలాంటివాళ్లు హాలుకు రారు, వినడమే మానేస్తారు.

మిశ్రచాపు

నేను మృదంగం వాయిస్తాను. పై పోస్టు చదివాను, చివరివరుస గారి మీద గౌరవం ఉంది. కానీ ఆ పూజగది కచేరీల్లో మేము ఎక్కడున్నామో ఎవరూ అడగరేం?

గాత్రం, తంబూర యాప్. అయిపోయింది కచేరీ. మహా అయితే అదే ఇంట్లో ఉన్న కూతురో తమ్ముడో వయొలిన్. మృదంగం వాళ్లకు పిలుపు లేదు. ఘటం, కంజీర, మోర్సింగ్ వాళ్ల మాట చెప్పనే అక్కర్లేదు, మామూలు రోజుల్లోనే ‘బడ్జెట్ చూసి చెబుతాం’ అనిపించుకునే ఉపపక్కవాద్యాలు కదా. సభలు లైవ్‌లు మొదలుపెట్టినప్పుడు కూడా ‘వేదిక మీద తక్కువమంది ఉంటే క్షేమం’ అన్నారు. క్షేమమే, కాదనను. తగ్గించింది మాత్రం ఎప్పుడూ మమ్మల్నే.

తర్వాత ముక్కలుగా రికార్డు చేసే పద్ధతి వచ్చింది. గాయని తన ఇంట్లో తాళం వేసుకుంటూ పాడి పంపుతుంది. వయొలిన్ ఆయన హెడ్‌ఫోన్లో వింటూ వాయించి పంపుతాడు. ఆఖరున ఫైలు నా దగ్గరకు. కృతి వరకు పర్వాలేదు. స్వరకల్పన, అంటే అప్పటికప్పుడు స్వరాలు అల్లుతూ ఒకరికొకరు జవాబిచ్చుకునే చోట, అసలు బండారం బయటపడేది. వయొలిన్ ఇచ్చిన జవాబు ఆమె వినలేదు, ఎందుకంటే ఆమె పాడి అప్పటికి వారం. నేను ఒక ముక్తాయింపు (ముగింపు దరువు) పెట్టి ఆమె నవ్వుతుందేమో అని చూస్తే, స్క్రీన్ మీద ఆమె అప్పటికే తర్వాతి కీర్తనలో ఉంది. అలాంటివి కొన్ని చేశాను, డబ్బు అవసరం కాబట్టి. వాటిలో ఒక్కటీ మళ్లీ వినలేదు.

కన్సోల్_వెనక

సౌండ్ పని నాది. మిశ్రచాపు అన్నా, అందరూ ఆన్‌లైన్‌లో ఒకేసారి ఎందుకు వాయించలేకపోయారో లెక్కతో చెబుతా. చాలామంది ‘నెట్ స్పీడ్ లేక’ అనుకుంటారు. స్పీడు కాదు సమస్య, ఆలస్యం.

గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు వెళ్తుంది. వేదిక మీద మీకూ గాయకుడికీ మధ్య రెండు మీటర్లు అనుకుంటే ఆరు మిల్లీసెకన్లు. చెవికి అది తెలియదు. 25, 30 మిల్లీసెకన్లు దాటితే ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఆగుతూ లయ జారిపోతుంది. వీడియో కాల్‌లో ఆలస్యం 150, 200 ఉండటం మామూలే. నిమిషానికి 75 దెబ్బల నడకలో ఒక దెబ్బ 800 మిల్లీసెకన్లు. చతురశ్రంలో, అంటే నాలుగు లెక్కల నడకలో, దానికి నాలుగు అక్షరాలు, ఒక్కోటి 200. అంటే ‘తకధిమి’లో మీరు ‘త’ అన్నది అవతల ‘క’ దగ్గర పడుతుంది. మహా విద్వాంసులైనా ఏం చేస్తారు?

తమాషా ఏంటంటే తప్పు కేబుల్‌ది కాదు. ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. ఇక్కడి నుంచి చెన్నైకి మూడు, నాలుగు మిల్లీసెకన్లు చాలు. మిగతాదంతా వైఫై, బఫర్, వీడియోను కుదించి విప్పడం తినేస్తుంది. జామ్యులస్, జాక్‌ట్రిప్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు అందుకే వీడియోను పక్కనపెట్టి ఆడియో మాత్రమే పంపుతాయి. వైరు నెట్, మంచి ఆడియో ఇంటర్‌ఫేస్ ఉంటే ఒకే ఊళ్లోవాళ్లు కలిసి వాయించవచ్చు. మలక్‌పేట, కూకట్‌పల్లి మధ్య మేము చేసి చూశాం, కుదిరింది. కానీ అరవై ఏళ్ల విద్వాంసుడికి ఫోన్లో పోర్టు నంబర్లు చెప్పి సెట్ చేయించడం... వద్దులెండి, ఆ కథ.

ఇంకోటి. 2020 అక్టోబరు 15 నుంచి నాలుగు గోడల మధ్య ఉండే హాళ్లలో సగం సీట్లకు, మొత్తం 200 మందికి మించకుండా అనుమతి వచ్చింది. అంతకుముందు సెప్టెంబరు 21 నుంచి వందమంది. హాలు ఖాళీగా ఉంటే మోత ఎక్కువ. మనుషులు, బట్టలు శబ్దాన్ని పీల్చుకుంటాయి, ఖాళీ రెక్సిన్ కుర్చీలు పీల్చుకోవు. పైగా చప్పట్లు ఉండవు కాబట్టి ఏసీ గురగుర మొత్తం రికార్డులో వినపడేది. ఏసీ ఆపి, వేదిక చుట్టూ దుప్పట్లు కట్టి లైవ్‌లు చేశాం. కళాకారులు చెమటతో తడిసిపోయేవారు.

తంబూర_యాప్

అమీర్‌పేటలో పిల్లలకు పాఠం చెబుతాను. ఆన్‌లైన్ క్లాసుల్లో అందరినీ ఏడిపించిన ఒక విషయం ఎవరూ రాయలేదు. వీడియో కాల్ యాప్‌కు మన శ్రుతి ఫ్యాన్ చప్పుడులాంటిదే. ఆగకుండా ఒకేలా వస్తోంది కాబట్టి అది నేపథ్య శబ్దం అనుకుని తీసేస్తుంది. నేను శ్రుతి పెట్టె పక్కన పెట్టుకుని పాడుతుంటే అవతల పిల్లకు శ్రుతి లేకుండా నా గొంతు మాత్రమే. ‘సా’ పట్టుకుని నిలబడితే అదీ మధ్యలో మాయం! దీర్ఘం తీయడమే నేరం అయింది. జూమ్‌లో ‘ఒరిజినల్ సౌండ్’ అనే సదుపాయం ఉందని ఒక విద్యార్థి తండ్రి, సాఫ్ట్‌వేర్ ఆయన, చెప్పేదాకా చాలామంది టీచర్లకు తెలియదు.

కలిసి పాడటం అసాధ్యం కాబట్టి అందరినీ మ్యూట్‌లో పెట్టి ఒక్కొక్కరినే పాడించాను. వరసలో చివర కూర్చుని పెదాలు కదిపే పిల్లలు మన క్లాసుల్లో ఎప్పుడూ ఉంటారు కదా, వాళ్లందరూ దొరికిపోయారు. దానివల్ల బాగుపడ్డవాళ్లూ ఉన్నారు, సిగ్గుపడి మానేసినవాళ్లూ ఉన్నారు.

2021 ఫిబ్రవరి 2న త్యాగరాజ ఆరాధన వచ్చింది. మామూలుగా పంచరత్నాల (త్యాగయ్య ఐదు కీర్తనల) గోష్ఠికి పిల్లలందరూ ఒకచోట కూర్చుంటారు. ఆ ఏడు నేను మాస్టర్ ట్రాక్ పాడి పంపాను. పిల్లలు ఇళ్లలో దాన్ని వింటూ పాడి వీడియోలు పంపారు. నాట, గౌళ రాగాల కీర్తనలు దాటాం. ఆరభిలో ‘సాధించెనే’ దగ్గర చరణానికొకరు ఎత్తుగడ మార్చేశారు. ఐదూ చేద్దామనుకున్నది మూడుతో ఆపాం. ఎడిటింగ్ చేసిన అబ్బాయికి ఆ రాగమంటే ఇప్పటికీ టెన్షన్.

సికిందరాబాద్_ఆల్టో

మా చర్చి క్వయర్ (బృందగానం) నుంచి. మాకు సమస్య మీకంటే ముందే అర్థమైంది, భయంకరంగా. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో స్కాజిట్ వ్యాలీ కోరల్ అని ఒక బృందం 2020 మార్చి 10న రెండున్నర గంటలు రిహార్సల్ చేసింది. వచ్చినవాళ్లు 61 మంది. వాళ్లలో 53 మందికి జబ్బు వచ్చింది, ఇద్దరు చనిపోయారు. ఆ నివేదిక మా గ్రూపులో వచ్చాక ‘పాడితే ఏమవుతుందిలే’ అన్నవాళ్లు నోరు మూశారు. మా వాళ్లలో సగానికి పైగా అరవై దాటినవారే.

అందుకే మేము హాలు తెరవమన్నా తెరవలేదు. ఎరిక్ విటాకర్ 2010లోనే చేసిన వర్చువల్ క్వయర్ పద్ధతి పట్టుకున్నాం. చెవిలో లయ టిక్కులు వినిపించే క్లిక్ ట్రాక్, ఒక్కొక్కరి ఫోను వీడియో, తర్వాత కలపడం. క్రిస్మస్‌కు ఒకే ఒక్క పాట. తర్వాత చర్చి ఆవరణలో చెట్ల కింద, దూరం దూరంగా నిలబడి రిహార్సళ్లు. ఆరుబయట పక్కవాళ్ల గొంతు వినపడదు, పార్ట్‌లు, అంటే వరుసకో స్వరం, పాడేవాళ్లకు అది నరకం. ఎండ ముదిరేసరికి అదీ ఆగింది. మళ్లీ 2021 మే 12న తెలంగాణ లాక్‌డౌన్. జూన్ 19 దాకా. ఆ రెండో విడతలో మా బాస్ (మంద్రస్థాయి మగ గొంతుల) వరుసలో ఒకాయన పోయారు. ఆయన వీడియో ముక్క ఇంకా మా దగ్గర ఉంది, పాట విడిగా.

మేము ఉంచుకున్నది ఒకటే: పార్ట్ ట్రాక్‌లు. ఆల్టో, టెనర్, ప్రతి వరుసకూ విడివిడి రికార్డింగ్ ముందే పంపుతాం. రిహార్సల్ సమయం బాగా తగ్గింది. లైవ్ ప్రసారం ఆదివారం ఆరాధనకు ఉంది, కచేరీలకు లేదు.

గల్లీ_విమర్శ

అందరూ కష్టాలు చెప్పారు. నేను కొంచెం చేదుగా మాట్లాడతా. ఉచితంగా ఇచ్చిందాన్ని మళ్లీ అమ్మలేరు. మన ఊళ్లో సభలకు టికెట్ అలవాటు ముందే లేదు, కరోనా వచ్చి ఉన్న కాస్త పరువూ తీసింది.

బయట చూడండి. బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్‌కు డిజిటల్ కాన్సర్ట్ హాల్ 2008 నుంచే ఉంది, చందా కట్టి చూసేది. 2020 మార్చి 12న ఖాళీ హాల్లో కచేరీ చేసి ప్రసారం చేశారు, కొన్నాళ్లు అందరికీ ఉచితంగా ఇచ్చారు, తర్వాత చందాదారులకే. మన పక్క చెన్నై చూడండి. 2020 డిసెంబరులో మ్యూజిక్ అకాడమీ ఏటా జరిపే కచేరీల సీజన్‌ను కుదించి డిజిటల్‌గా నడిపింది. మిగతా సభలు చాలా వరకు ఒక్కటై ‘యువర్స్ ట్రూలీ మార్గళి’ అని ఒకే వేదిక మీద టికెట్ పెట్టి కచేరీలు ఇచ్చాయి. ఏ సభకు ఆ సభ గిరి గీసుకుని కూర్చునే ఊళ్లో అది జరిగిందంటే మాటలా? హైదరాబాద్ సభలు అలా ఒక్కచోట చేరాయా? లేదు. ఎవరి ఫోను వాళ్లే, ఎవరి స్టాండు వాళ్లే, ఒకే సాయంత్రం నాలుగు లైవ్‌లు, నాలుగింటికీ అవే యాభై మంది.

మిశ్రచాపు

> ‘బయట చూడండి’

చూద్దాం. న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరా మార్చి 12న మూసేసి, 16 నుంచి రోజుకో పాత ఒపెరా నెట్‌లో ఉచితంగా పెట్టింది. లోకమంతా మెచ్చుకుంది. ఆ ఒపెరాల్లో వాయించిన ఆర్కెస్ట్రా వాళ్లకు ఏప్రిల్ నుంచి దాదాపు ఏడాది పాటు జీతాల్లేవు. అది కూడా చెప్పండి. లైవ్ ఉండాలా వద్దా అన్నది నా గొడవ కాదు. దాని మీద వచ్చిన రూపాయి ఎవరి జేబులోకి పోయింది అన్నదే.

తీన్‌మార్

అన్నా, నేను చదివి ఊకుందామనుకున్న గానీ రాస్తున్న. మీ సభలకు లైవ్ అన్నా ఉంది. మాది బ్యాండు, మర్ఫా డప్పులు. మా మేనమామ వాళ్లది సన్నాయి మేళం. పెళ్లికి యాభై మందే అన్నరు. యాభై మందిలో పెళ్లివాళ్లు సన్నాయి వాళ్లను ఎట్ల లెక్కేస్తరు? చుట్టాలనే కోసేసినరు. పెన్‌డ్రైవ్‌లో సన్నాయి పెట్టి తాళి కట్టించినరు. నోటితోని ఊదే వాద్యం, మాస్క్ పెట్టుకుని ఊదలేరు, మాస్క్ లేకపోతే ముహూర్తం కాడ నిలబడనియ్యరు.

2020 బోనాలు పూజారులతోనే నడిపిచ్చినరు, జనం ఇంట్లనే చేసుకున్నరు. వినాయక నిమజ్జనం ఊరేగింపులు లేవు. మాకు ఏడాది తిండి వచ్చేది ఆ రెండు సీజన్లలోనే. సినిమా కార్మికులకు చిరంజీవి గారు పెట్టిన కరోనా క్రైసిస్ చారిటీ సరుకులు ఇచ్చింది, మంచిదే. మాకు యూనియన్ కార్డు లేదు, మేము ఏ లిస్టుల లేము. మా వాళ్లల్ల ఒకడు డెలివరీ పనిలకు పోయిండు, ఇంక తిరిగి రాలే. మంచిగ డోలు కొట్టేటోడు.

మీరు సంస్థలు సంస్థలు అంటున్నరు. సంస్థ లేనోళ్ల గురించి ఒక్కరన్నా రాస్తరేమో అని కిందిదాకా చదివిన.

కన్సోల్_వెనక

తీన్‌మార్ తమ్ముడు చెప్పింది నిజం. ఆ రోజుల్లో మా లైటింగ్, మైకు వాళ్ల పరిస్థితి కూడా అంతే. స్పీకర్లు అమ్ముకున్నవాళ్లను చూశాను.

విమర్శ గారికి ఒక చిన్న జవాబు. ఉచిత లైవ్ అంటున్నారు, అది నిలబెట్టడం కూడా తేలిక కాదు. ఒక పెద్ద సోషల్ మీడియాలో మేము త్యాగరాజ కృతి లైవ్ చేస్తుంటే మధ్యలో మ్యూట్ చేశారు. ‘ఇది ఫలానా రికార్డింగ్ కంపెనీ పాట’ అని యంత్రం తేల్చింది. త్యాగయ్య పోయింది 1847లో! రాగం అదే, సాహిత్యం అదే, శ్రుతి కూడా కలిసిందనుకుంటా. ఒక రకంగా గాయనికి అది మెప్పే. అభ్యంతరం పెట్టి గెలిచేసరికి మంగళం కూడా అయిపోయింది.

అంబర్‌పేట_ఖయాల్

హిందుస్తానీ వాళ్లం తక్కువే ఉన్నాం ఇక్కడ. హిందుస్తానీ గాయకుడు పండిత్ జస్‌రాజ్ మాట లేకుండా హైదరాబాద్‌లో ఈ చర్చ ఎలా? తండ్రి మోతీరాం సమాధి అంబర్‌పేటలో ఉంది. తండ్రి, అన్నల పేరు మీద ఆయన ఈ ఊళ్లో 1972 నుంచి ఏటా సమారోహ్ (సంగీతోత్సవం) జరిపించారు. లాక్‌డౌన్ సమయానికి ఆయన అమెరికాలో చిక్కుకుపోయారు. ఏప్రిల్‌లో వారణాసి సంకట్‌మోచన్ ఉత్సవం ఆన్‌లైన్‌లో జరిగితే న్యూజెర్సీ నుంచే పాడారు. తొంభై ఏళ్ల వయసులో, ఎదుట సభ లేకుండా. ఆగస్టు 17న అక్కడే కన్నుమూశారు. ఆ ప్రసారం లేకపోతే ఆ చివరి పాట మనకు లేదు. లైవ్ ఆపేద్దాం అనేవాళ్లకు ఇది చెప్పండి.

గల్లీ_విమర్శ

చెబుతారు, చప్పట్లు కొడతారు. కానీ అది జస్‌రాజ్ పాడటం. నెలకు రెండు కచేరీలు చేసే సభకు ఆ ఉదాహరణ వర్తించదు. మీ లైవ్‌లో మూడో నిమిషం వరకు జ్యోతి ప్రజ్వలన, ముప్పయ్యో నిమిషం వరకు శాలువాలు. కరోనా చేసిన ఒకే ఒక్క మేలు వేదిక మీద ప్రసంగాలు తగ్గించడం. అది మాత్రం అందరూ మొట్టమొదట వదిలేశారు.

తంబూర_యాప్

విమర్శ గారూ, ఈ ఒక్కదానికి మీతో ఏకీభవిస్తున్నాను. లైవ్‌లో అతిథి మాట్లాడటం మొదలుపెట్టగానే చూసేవాళ్ల సంఖ్య ఎలా పడిపోతుందో స్క్రీన్ మీదే కనపడేది. అందుకే నోరు అదుపులో పెట్టుకునేవారు.

మైక్‌టెస్టింగ్ గారికి ఒక సూచన. లైవ్ వేరు, రికార్డింగ్ వేరు. నా శిష్యుల్లో అమెరికాలో ఉన్నవాళ్లు మన సాయంత్రం కచేరీని ఎటూ లైవ్‌లో చూడరు, వాళ్లకది పొద్దుటి పనుల వేళ. వారం తర్వాత పెట్టినా చూస్తారు. ఊళ్లో ఉండి, కాలు బాగుండి, సోఫా వదలనివాళ్లకు మాత్రమే లైవ్ కావాలి.

చివరివరుస

అమ్మా, కాలు బాగాలేనివాళ్లు కూడా ఉన్నారు ఇక్కడ.

వేదిక_నిర్వహణ

చర్చ బాగుంది. రెండు పోస్టులు తీసేశాం: ఒకటి ఫలానా సభ డబ్బు తినేసిందని పేరు పెట్టి రాసింది, ఇంకొకటి దానికి వచ్చిన తిట్లు. పేర్లు వద్దు.

మైక్‌టెస్టింగ్

మీటింగ్ అయింది. ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లతో మొదలై అరుపులతో సాగింది. ఇక్కడ రాసినవి ప్రింట్ తీసి పట్టుకెళ్లాను. కన్సోల్ గారి లెక్క చూసి మా అధ్యక్షుడు ‘ఇదంతా మనకెందుకయ్యా’ అన్నారు. మెట్రోపాలిటన్ ఆర్కెస్ట్రా సంగతి చదివినప్పుడు మాత్రం ఎవరూ మాట్లాడలేదు.

తేలినవి: అందరికీ లైవ్ ఉండదు. హాలుకు రాలేని సభ్యులు అడిగితే ఆ రోజు లింక్ పంపుతాం, చివరివరుస గారి పేరు ముందే రాశాను. మిగతావారికి వారం తర్వాత రికార్డింగ్, ప్రసంగాలు తీసేసి. దాని మీద ఏడాదిలో వచ్చే విరాళాల్లో సగం ఆ ఏడాది వేదిక ఎక్కిన పక్కవాద్యాల వారికి పంచాలని నేను పెట్టాను. కోశాధికారి మూడో వంతు అన్నారు. మూడో వంతే నెగ్గింది. ఉపపక్కవాద్యం లేని కచేరీ పెట్టకూడదన్నది వీగిపోయింది.

ఇతర సభలతో కలిసి క్యాలెండర్ వేసుకుందామన్న మాటకు ‘ముందు వాళ్లను అడగమనండి’ అని జవాబు. అది ఇప్పట్లో తెమలదు.

తీన్‌మార్, వచ్చే ఆరాధన రోజు నగర సంకీర్తనకు సన్నాయి మేళం పెట్టాలని తీర్మానం చేయించాను. మీ మేనమామ నంబరు నాకు విడిగా మెసేజ్ చెయ్యి.

మిశ్రచాపు

మూడో వంతైనా రాతలో పెట్టారా, నోటి మాటేనా?

మైక్‌టెస్టింగ్

మినిట్స్ బుక్కులో ఉంది. సంతకాలు కూడా అయ్యాయి.

తీన్‌మార్

నంబరు పంపిన అన్నా. గానీ మామ ఒక్కటే అడగమన్నడు: అడ్వాన్స్ ఎంతిస్తరు, శాలువా కప్పి పంపిస్తరా?